రూపానికి హద్దు, బంధానికి హక్కు: యూదు చిత్రకళ లేవనెత్తిన ఒక నైతిక ప్రశ్న

మన ఆత్మీయులను, వారు ప్రార్థనలోనో పెళ్లి పందిట్లోనో ఉన్న వేళ, బొమ్మగా గీయడం ధర్మమేనా? తెలుగు పాఠకునికి ఈ ప్రశ్న మొదట వింతగా తోస్తుంది. మూర్తి లేని గుడి, పటం లేని పూజగది మన అనుభవంలో అరుదు. పెళ్లి జరిగితే ఫొటోల ఆల్బమ్ తప్పదు. కాని ప్రతిమను ధర్మశాస్త్రమే శంకించిన సమాజంలో చిత్రకారునికి ఈ ప్రశ్న కుంచె పట్టిన ప్రతిసారీ ఎదురవుతుంది. యూదు కర్మకాండను, కుటుంబాన్ని, స్నేహాన్ని వస్తువుగా తీసుకొని మానవాకృతులను చిత్రించిన సమకాలీనుల కృషిలో అది ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఆ ప్రశ్నను మన వైపు నుంచి, ముఖ్యంగా మూర్తులు చెక్కే ఆళ్లగడ్డ, దొర్నిపాడు ప్రాంతం వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సొంతవారిని పాత్రలుగా మలచుకునే ఆత్మకథలను, స్మృతిరచనలను నిత్యం చదివే సాహిత్య విద్యార్థులకు ఇది పరాయి చర్చ కాబోదు.

యూదులు బొమ్మలు వేయలేదన్న మాట ఎంత ప్రచారంలో ఉన్నా చరిత్ర ముందు నిలవదు. పది ఆజ్ఞలలోని నిషేధం ప్రధానంగా పూజించడానికి చేసుకునే ప్రతిమను గురించినది. సిరియాలోని దూరా యూరోపస్‌లో మూడో శతాబ్ది నాటి ప్రార్థనామందిరం గోడల నిండా బైబిలు కథల చిత్రాలున్నాయి. అయినా ఒక జంకు మాత్రం మిగిలే ఉంది. దానికి మంచి నిదర్శనం 1300 ప్రాంతంలో దక్షిణ జర్మనీలో తయారైన ఒక హగ్గాదా ప్రతి. హగ్గాదా అంటే పస్కా పండుగ రాత్రి ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల చుట్టూ కూర్చొని చదువుకునే గ్రంథం. ఇప్పుడు జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్న ఆ ప్రతిలో యూదు మనుషులు పొంగని రొట్టె చేస్తారు, పండుగకు కూర్చుంటారు. వారి చేతులు, దుస్తులు, భంగిమలు అన్నీ మనుషులవే. తలలు మాత్రం పక్షులవి. కారణం విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కారణం ఏదైనా, ఆ చిత్రకారుడు ఎక్కడ ఆగాడన్నది మనకు ముఖ్యం. ఇల్లు, పండుగ, పనిపాటలు గీయడానికి ఆయనకు అభ్యంతరం లేదు. ముఖం దగ్గర ఆయన చేయి ఆగింది.

ఆ జంకుకు తాత్త్విక రూపం ఇచ్చినవాడు ఎమాన్యుయేల్ లెవినాస్. మానవ ముఖాన్ని నీతికి మూలస్థానంగా నిలిపిన ఈ తత్త్వవేత్త 1948లో వెలువరించిన ఒక వ్యాసంలో కళను తీవ్రంగా శంకించాడు. ఆయన వాదం సారాంశమిది: బతికిన క్షణానికి మరుక్షణం ఉంటుంది, ప్రతిమలోని క్షణానికి అది ఉండదు. నవ్వబోయే పెదవి ఎన్నటికీ నవ్వదు, ఎత్తిన చేయి ఎన్నటికీ దిగదు. ఎదుటి మనిషి మన అంచనాను కాదనగలడు, మాట మార్చగలడు, లేచి వెళ్లిపోగలడు. బొమ్మగా మారిన మనిషికి ఆ వీలు లేదు. కనుక ఆత్మీయుని ముఖాన్ని గీయడమంటే ఆయన జవాబు చెప్పే హక్కును తీసివేయడమే అవుతుంది. ఈ వాదాన్ని పాశ్చాత్యుల విగ్రహభీతిగా కొట్టివేయడం సులభం. కాని సొంత అన్న తన కథలో తనను దుష్టపాత్రగా చేశాడని తెలిసిన తమ్ముణ్ని అడిగితే లెవినాస్ చెప్పిన నొప్పి ఏమిటో ఆయనే వివరిస్తాడు.

ఆళ్లగడ్డ శిల్పశాలల ముందు నిలబడితే ఈ వాదానికి మరో వైపు కనిపిస్తుంది. అక్కడ రోడ్డు పక్కన, రాతిపొడి నడుమ, సగం చెక్కిన దేవతలు వరుసగా నిలబడి ఉంటారు. ఆ దశలో వాటికి ఎవరూ నమస్కరించరు; శిల్పి వాటి మీద కాలు మోపి పని చేసినా అపచారం కాదు. ఆగమసంప్రదాయం ప్రకారం ప్రతిష్ఠ వేళ నయనోన్మీలనం జరిగే వరకు అది రాయే. కన్ను తెరిచాక ఆ రూపం మీద దాన్ని చెక్కినవానికి ఏ అధికారమూ ఉండదు. సంభావన తీసుకొని పక్కకు తప్పుకుంటాడు. ఆ తర్వాత మూర్తికి దినచర్య మొదలవుతుంది. మేలుకొలుపు, స్నానం, నైవేద్యం, పవళింపు. మరుక్షణం లేని క్షణమని లెవినాస్ దేన్ని అన్నాడో దానికి ఇక్కడ సమాజమే మరుక్షణాన్ని సమకూరుస్తున్నది. ఆళ్లగడ్డకు దగ్గరలోని అహోబిలంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చెంచులక్ష్మిని పెళ్లాడి చెంచులకు అల్లుడైన నరసింహుడు సంక్రాంతి తర్వాత పార్వేట పేరిట పల్లకి ఎక్కి, సుమారు నలభై రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, తన పెళ్లికి తానే జనాన్ని పిలుస్తాడని ఇక్కడివారి నమ్మకం. రూపం ఉన్నచోటనే ఉండిపోలేదు. చుట్టరికం దాన్ని నడిపిస్తున్నది.

దీన్నిబట్టి యూదు సందేహానికి మన సంప్రదాయం ఎన్నడో జవాబు చెప్పిందని గర్వించడం తొందరపాటు. చిత్రశాల గోడకు వేలాడే చిత్రానికి మేలుకొలుపు లేదు, నైవేద్యం లేదు. పైగా అందులో ఉన్నది మనిషి. ఆయనకు సేవ అక్కరలేదు, న్యాయం కావాలి. అయితే ఆళ్లగడ్డ నుంచి ఒక సూచనను స్వీకరించవచ్చు. రూపం దోషమా కాదా అన్నది రూపాన్ని మాత్రమే చూసి తేల్చలేము. అది తయారైన తర్వాత ఎవరితో ఏ సంబంధంలో ఉంటుందో, చేసినవాడు దాని మీద ఎంత అధికారం వదులుకుంటాడో కూడా చూడాలి.

ఆర్‌.బి. కిటాయ్ చిత్రం 'ది వెడ్డింగ్' చరిత్ర ఈ దృష్టితో చదవదగినది. కిటాయ్ 1932లో అమెరికాలో పుట్టాడు. ఎక్కువకాలం లండన్‌లో పనిచేశాడు. భక్తి వల్ల కంటే చదువు, చింతన వల్ల యూదుతనం వైపు వచ్చినవాడు. 1983లో చిత్రకారిణి సాండ్రా ఫిషర్‌తో ఆయన పెళ్లి లండన్‌లోని పాత ప్రార్థనామందిరం బెవిస్ మార్క్స్‌లో సంప్రదాయబద్ధంగా జరిగింది. తోడుపెళ్లికొడుకు డేవిడ్ హాక్నీ. లూసియన్ ఫ్రాయిడ్, ఫ్రాంక్ ఆవర్‌బాక్, లియాన్ కోసాఫ్ వంటి మిత్రులు చిత్రంలో ఉన్నారు, కిటాయ్ పిల్లలూ ఉన్నారు. సామూహిక యూదు ప్రార్థనకు కనీసం పదిమంది ఉండాలన్నది నియమం. ఆ రోజు ఆ లెక్కలో నిలబడినవారిలో లండన్ చిత్రకారులు ఉండటం నాకు చమత్కారంగా తోస్తుంది. క్రతువు, కుటుంబం, స్నేహం మూడూ ఒకే పందిరి కిందికి వచ్చాయి.

కిటాయ్ ఈ చిత్రాన్ని 1989 నుంచి 1993 వరకు వేస్తూనే ఉన్నాడు. దాన్ని ఎలా ముగించాలో తనకు తెలియలేదని ఆయనే రాసుకున్నాడు. బొమ్మలో ఉన్న మిత్రులే చాలామంది వచ్చి సలహాలు చెప్పేవారు; ఆయన వాటిని విని మళ్లీ మళ్లీ మార్చేవాడు. చివరకు దాన్ని మరోసారి ముగించే ప్రయత్నం మానుకొని చేయి దించాడు. 1993లో అది టేట్ చిత్రశాలకు ఆయన కానుకగా చేరింది. విమర్శకులు దీన్ని వైఫల్యమనవచ్చు; రంగులు కిక్కిరిసి, ఆకృతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన మాట నిజమే. నా దృష్టిలో ఈ కిక్కిరిసిన తనానికి నైతికమైన విలువ ఉంది. గీయబడినవారు జవాబు చెప్పారు, ఆ జవాబు బొమ్మను మార్చింది. లెవినాస్ లేదన్న మరుక్షణం నాలుగేళ్ల పాటు ఆ చిత్రంలోకి వస్తూనే ఉంది. 1994లో సాండ్రా హఠాత్తుగా మరణించాక ఆ పందిరి కింద వధువు ముఖం మరో అర్థాన్ని సంతరించుకుంది. దాన్ని ఎవరూ మార్చలేరు.

ఆ చిత్రంలోని ఆవర్‌బాక్ సొంత పద్ధతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 1931లో బెర్లిన్‌లో పుట్టి, 1939లో పసివాడుగా ఒంటరిగా ఇంగ్లండ్ చేరిన ఆయన తల్లిదండ్రులు నాజీల చేతిలో హతులయ్యారు. పెద్దయ్యాక ఆయన కొద్దిమంది ఆప్తులనే వారం వారం ఎదురుగా కూర్చోబెట్టుకొని దశాబ్దాల పాటు గీశాడు. నచ్చనిది గీకివేసి మర్నాడు మొదటినుంచి మొదలుపెట్టేవాడు. అన్ని ముఖాలు పోగొట్టుకున్న తరానికి ముఖం గీయవద్దనడం మరొక అన్యాయమవుతుంది. ఆజ్ఞకు, ఆ అవసరానికి మధ్య ఆయన కనుగొన్న దారి గీకివేత.

ఇందుకు భిన్నమైన మార్గం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో మోరిట్జ్ ఓపెన్‌హైమ్ జర్మన్ యూదు కుటుంబాల పండుగలను ఆదర్శదృశ్యాలుగా చిత్రించాడు. మన తోట వైకుంఠం చిత్రాల్లోని తెలంగాణ స్త్రీకి ఆయన తల్లి ప్రేరణ అంటారు. ఆ నుదుటి బొట్టును, ఆ రంగుల చీరను ఎవరైనా పోల్చుకుంటారు. కాని ఆమె ఫలానా ఇంటి ఫలానా మనిషి అని చెప్పలేము. ముంబైలో బెనె ఇజ్రాయెల్ కుటుంబంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సియోనా బెంజమిన్ తన స్త్రీలకు నీలివర్ణం ఇచ్చింది. (బెనె ఇజ్రాయెల్ వారు ఏలియా ప్రవక్త పేర చేసే మొక్కుబడిని మలీదా అంటారు, అటుకులు, కొబ్బరి, పండ్లు పంచుతారు. పీర్ల పండుగ మలీద తిన్న రాయలసీమవారికి ఆ పేరు చెప్పగానే తీపి తగులుతుంది.) వ్యక్తిని ప్రాతినిధ్యంగా మార్చే ఈ పద్ధతిలో ఎవరి ముఖానికీ గాయం కాదు. అయితే స్నేహం అనే వస్తువు మాత్రం ఇందులో ఇమడదు. స్నేహితుడు ఎవరికీ ప్రతినిధి కాడు.

ఇంతవరకు చెప్పినది మన దగ్గరే పరీక్షకు నిలవవలసి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అని పిలుచుకునే యూదు సమాజం ఉంది. వీరు మాదిగ కుటుంబాలవారు. ఎక్కువగా క్రైస్తవ నేపథ్యం నుంచి వచ్చినవారు. యాకోబి సోదరుల నాయకత్వంలో 1980ల చివరినుంచి యూదు జీవనాన్ని బహిరంగంగా స్వీకరించారు. వీరి మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధనగ్రంథం 2013లో వెలువడింది. జాషువా 'గబ్బిలం' నాయకుడు అరుంధతీసుతుడు. దేవుని రూపం ముందు నిలబడే అర్హత లేదన్నందువల్లనే అతనికి గబ్బిలంతో పని పడింది. యూదు శాస్త్రం తన మీద తాను పెట్టుకున్న హద్దు ప్రతిమానిషేధం. మాదిగలకు ప్రతిమ నిషిద్ధమైనది ఇతరుల చేత. ఈ రెండు నిషేధాలు ఒక ఊరిలో కలిసినచోట రూపం లేని దేవుణ్ని ఎన్నుకోవడాన్ని విగ్రహవిరోధమని ఒక్క ముక్కలో తేల్చలేము.

పైగా ఈ సమాజం ఎప్పుడూ చూడబడుతూనే ఉంది. రబ్బీలు, పరిశోధకులు, విలేకరులు వచ్చి వెళ్లారు. పస్కా భోజనం వీరికి పండుగ; వచ్చినవారికి సాక్ష్యం. తాము యూదులమేనని నిరూపించుకోవలసినవారి ముఖం మీద పడే చూపులో స్నేహం ఎంత, విచారణ ఎంత అన్నది ఎవరైనా అడగక తప్పదు. బెవిస్ మార్క్స్‌లో నిలబడిన పదిమందిని ఎవరూ రుజువు అడగలేదు. కనుక వారి బొమ్మకు చెల్లిన స్వేచ్ఛ కొత్తరెడ్డిపాలెం బొమ్మకు యథాతథంగా చెల్లదు. ఆ ఇంట పండుగను చిత్రించదలచిన చిత్రకారుడు కనీసం మరుసటి ఏడు కూడా ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. వేసినది వారికి చూపాలి. వారు మార్చమన్నది మార్చాలి, కిటాయ్ మార్చినట్లు. ఆ ఇంటి పెద్దావిడ, మా పండుగ గీసుకో నాయనా, నా ముఖం మాత్రం వద్దు అంటే, రొట్టె చేసే ఆ చేతులను శ్రద్ధగా గీసి, ముఖం దగ్గర హగ్గాదా చిత్రకారునిలాగే ఆయనా ఏదో ఒక పక్షిని వెతుక్కోవలసి ఉంటుంది.