దుఃఖం వినడం కూడా పనే

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వరద తీశాక కూలిన ఇళ్లు, మునిగిన ఎకరాలు లెక్క రాస్తారు. మబ్బు పడితే చాలు నిద్రపట్టని మనిషిని ఏ గడిలో రాస్తారు?

ఆ మనిషి ఇంటికి ముందుగా వెళ్లేది మన ఆశా కార్యకర్తే. అందుకే ఆమెకు శిక్షణ ఇవ్వాలంటున్నారు. మంచి మాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం చెప్పేది మూడు పనులు: చూడాలి, వినాలి, కావలసిన సాయం దగ్గరకు చేర్చాలి. జరిగింది చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ప్రాణం తీసుకోవాలనుకునే వారిని డాక్టరు దగ్గరకు పంపాలి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ కూడా ఉంది. ఇవన్నీ ఊరి మనిషి నేర్చుకోగలిగినవే.

అయితే ఆమె ఇల్లూ మునిగింది కదా! ఆమె గోడు ఎవరు వినాలి?

2005లో ఆశా పథకం వచ్చినప్పటి నుంచి ఆమెను స్వచ్ఛంద కార్యకర్తగానే చూస్తున్నారు. కాన్పుకు ఇంత, టీకాకు ఇంత అని పారితోషికం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన రెండు గంటలు కూర్చుంటే ఎంత? దుఃఖానికి కూలి కడతారా అని కొందరు అంటారు. నిజమే, మన గూడేల్లో చావు జరిగితే ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. కానీ అక్కడ ఆ బరువు ఊరంతా మోస్తుంది. రిజిస్టరు చేతికిచ్చి ఊరి బరువంతా ఒక్క ఆడమనిషి మీద పెడితే అది ఆచారం కాదు, ఉద్యోగం. ఉద్యోగానికి జీతం ఉండాలి, సెలవు ఉండాలి, ఆమె మనసు వినే మనిషీ ఉండాలి.

శిక్షణలో ఏం నేర్పాలన్నది ఇంకో సంగతి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1972లో అక్కడ మొదలైన పోషకాహార పర్యవేక్షణ విభాగం వాళ్లు పల్లెలకు, గిరిజన ప్రాంతాలకు వెళ్లి ఇంట్లో వండిన తిండిని తూచి రాసుకున్నారు. మనం ఏం తింటామో తెలుసుకోవడానికి మన పొయ్యి దగ్గరకు వచ్చారు. మనం ఎలా ఏడుస్తామో, ఎవరికి చెప్పుకుంటామో తెలుసుకోవడానికీ అలాగే రావాలి. అక్కడికి దగ్గర్లోనే ఉస్మానియా క్యాంపస్. ఏజెన్సీ నుంచి వెళ్లి చదివే మన పిల్లలు ఆ హాస్టళ్లలో ఉన్నారు. పాఠం రాసేటప్పుడు వాళ్లనూ, ఆశాలనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి. "దిగులు" అన్న తెలుగు మాట కోయ అవ్వకు ఏ మాటతో అందుతుందో వాళ్లకు తెలుసు.

ఒక్క జాగ్రత్త. ఇల్లు ఎప్పుడు కట్టిస్తారని అడిగిన మనిషిని ధైర్యంగా ఉండమని పంపేయడానికి ఈ శిక్షణను వాడకూడదు. వాగు మళ్లీ పొంగే చోటే గుడిసె ఉన్నంతకాలం అతని భయం రోగం కాదు, తెలివి. అది విన్న ఆశా కార్యకర్త ఆ మాటను పై అధికారి దాకా చేర్చగలగాలి, ఆయన దాన్ని రాసుకోవాలి.