మైనస్ మూడు సెకన్లు

అనగనగా ఒక ఊళ్లో పెద్దమ్మ కూతురు, పిన్ని కూతురు. ఇద్దరూ ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. సాయంత్రాలు ఒక రిటైరైన మాస్టారి అరుగు మీద ఫిజిక్స్ చెప్పించుకునేవాళ్లు. ఆయన ఫీజు అడిగేవారు కాదు కానీ హోంవర్క్ మాత్రం వడ్డీతో సహా వసూలు చేసేవారు.

ఒక శనివారం పది లెక్కలిచ్చారు. పెద్దది భోజనాల వేళకే పదీ అవగొట్టింది. దత్తాంశం, ఫార్ములా, సబ్‌స్టిట్యూషన్, జవాబు కింద రెండు ఎర్ర గీతలు. ఎక్కడైనా ఆగితే పక్కనే గైడు. చిన్నది మూడో లెక్క దగ్గర కూలబడింది.

లెక్క ఇది. ఒక బెలూన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో నిలువుగా పైకి పోతోంది. నేల నుంచి 75 మీటర్ల ఎత్తులో ఉండగా అందులోంచి ఒక రాయిని వదిలారు. రాయి ఎంతసేపటికి నేలను తాకుతుంది? జి విలువ 10 అనుకోవచ్చు, గాలి నిరోధం లెక్కలోకి రాదు.

వదిలారు కదా అని చిన్నది తొలి వేగం సున్నా వేసింది. 15కి వర్గమూలం, అంటే 3.87 సెకన్లు వచ్చింది. పుస్తకం వెనక చూస్తే 5 అని ఉంది. అచ్చుతప్పేమోనని కాసేపు పుస్తకాన్నే అనుమానించింది. తర్వాత మార్జిన్‌లో నేలకో గీత, బెలూన్‌కో సున్నా గీసుకుని చూస్తే సంగతి బయటపడింది. చేతిలోంచి జారిన క్షణాన కూడా రాయి బెలూన్‌తో పాటు పైకే పోతోంది! ఆ 10 మీటర్ల వేగం కరగడానికి ఒక సెకను పడుతుంది. ఈలోగా రాయి ఇంకో 5 మీటర్లు ఎక్కుతుంది. అక్కడి నుంచి 80 మీటర్లు పడటానికి 4 సెకన్లు. మొత్తం 5. ఫార్ములా ముట్టుకోకుండానే లెక్క తేలిపోయింది.

ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. సమీకరణంతో కూడా వేసి చూసింది. రెండు మూలాలొచ్చాయి: 5, మైనస్ 3.

"అక్కా, ఈ మైనస్ మూడేంటే?"

"కాలం మైనస్ ఉండదు. కొట్టెయ్. దానికి మార్కుల్లేవు."

చిన్నదానికి కొట్టబుద్ధి కాలేదు. మైనస్ 3 అంటే వదలడానికి 3 సెకన్ల ముందు అనేగా? అప్పుడు బెలూన్ 45 మీటర్ల ఎత్తులో ఉంది, రాయి అందులోనే ఉంది. సమీకరణమేమో రాయి నేల మీదుందంటోంది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఈ గొడవ తెగలేదు. తెగేసరికి తేలిందేమిటంటే, సమీకరణానికి బెలూన్ సంగతే తెలీదు. దానికి చెప్పింది రెండే ముక్కలు: 75 మీటర్ల ఎత్తులో రాయి 10 వేగంతో పైకి పోతోంది, భూమి దాన్ని కిందికి లాగుతోంది. అలాంటి రాయిని నేల మీంచి విసిరి ఉంటే ఎప్పుడు విసిరి ఉండాలి? 3 సెకన్ల ముందు, 40 మీటర్ల వేగంతో. సరిచూసుకుంది. 40 మూళ్లు 120, అందులోంచి 45 పోతే 75. మిగిలిన వేగం 40లోంచి 30 పోగా 10. అణా పైసలతో సహా సరిపోయింది.

సోమవారం మాస్టారు రెండు నోటుబుక్కులూ తిరగేశారు. ఒకదాంట్లో పది లెక్కలు, ఇంకోదాంట్లో మూడే. ఎవర్నీ ఏమీ అనకుండా, "అదే బెలూన్, అదే ఎత్తు, అదే వేగం. కాకపోతే ఇప్పుడు కిందికి దిగుతోంది. రాయి వదిలారు. ఎంతసేపు?" అన్నారు.

పెద్దది గబగబా గైడు వరస దింపింది. "ఐదు సెకన్లు మాస్టారూ."

"ఎక్కుతున్నా ఐదే, దిగుతున్నా ఐదేనా అమ్మా?"

చిన్నది పెన్ను తియ్యలేదు. "మూడు మాస్టారూ. నా మైనస్ మూడే అది. నేల మీంచి విసిరిన రాయి 3 సెకన్లలో అక్కడికి 10 వేగంతో చేరితే, అక్కడి నుంచి 10 వేగంతో దిగే రాయికీ 3 సెకన్లేగా. ఎక్కిన దారినే దిగడం."

"మరి ఈ కొట్టేసిన 3.87?"

"అది తప్పండి."

"తప్పు కాదు. బెలూన్ కదలకుండా నిలబడి ఉంటే అదే జవాబు. మూడుకీ ఐదుకీ మధ్యలో ఉంది చూశావా? మూడు అయిదులు పదిహేను, దాని వర్గమూలమే."

నీతి: కొట్టేసే ముందు, కొట్టేస్తున్నది ఏ ప్రశ్నకి జవాబో అడగాలి.

పెద్దదాన్ని సోమరి అనడానికి లేదు. ఎంసెట్ ఇప్పుడు ఈఏపీసెట్ అయినా 160 ప్రశ్నలకి 180 నిమిషాలే. అక్కడ మైనస్ మూడు సంగతేంటని కూర్చుంటే పక్కవాడికి సీటొస్తుంది. పరీక్షలో ఆమె పద్ధతే పద్ధతి. చిక్కల్లా ఇంట్లో, గడియారం తరమని చోట కూడా పరీక్ష రాసినట్టే హోంవర్క్ రాయడం. మన కాలేజీలు హాస్టల్ స్టడీ అవర్లలో నేర్పుతున్నది చాలావరకు అదే.

అలాగని మైనస్ కనపడ్డ ప్రతిచోటా నిధి ఉండదు. పొలం పొడవు మైనస్ 12 మీటర్లు వస్తే కొట్టేయడమే. కానీ 1928లో పాల్ డిరాక్ ఎలక్ట్రాన్‌కి రాసిన సమీకరణంలో రుణ శక్తి ఉన్న జవాబులు కూడా వచ్చాయి. అవి ఎటూ పొసగక ఆయన్ని మూడేళ్లు తిప్పలు పెట్టాయి. అయినా ఆయన వాటిని పారేయలేదు. ఎలక్ట్రాన్ లాంటిదే, ఆవేశం మాత్రం ధనాత్మకమైన కణం ఉండాలని 1931లో రాశారు. మరుసటి ఏడాదే కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణాల ఫొటోల్లో దాన్ని పట్టుకున్నారు. ఆ పాజిట్రాన్‌తోనే ఈ రోజు క్యాన్సర్ రోగులకి పెట్ స్కాన్ తీస్తున్నారు.