బుధవారం ప్రార్థన చీటీ

ఒంగోలు

చిరంజీవి సుధీర్‌కు,

  

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మామయ్యా, అమెరికాలో కూడా మన మీద హింస మొదలైంది" అన్నావు. షాపుల్లో ‘మెర్రీ క్రిస్మస్’ అనడం మానేశారన్నావు. బడుల్లోంచి ప్రార్థన తీసేశారన్నావు. తరగతి గదిలో పది ఆజ్ఞలు పెడదామంటే కోర్టుకెక్కుతున్నారన్నావు. "మా షుగర్‌ల్యాండ్‌లో మాత్రం తొంభై అడుగుల హనుమంతుడు..." అని సగంలో ఆగిపోయావు. అప్పుడే జవాబు చెబితే నీ గొంతు పెరిగేది, నా బీపీ పెరిగేది. అందుకని ఈ ఉత్తరం.

ముందు ఆ ‘హింస’ అన్న మాట సంగతి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు మీ అమ్మ అన్నం ముట్టలేదు. 2008లో అదే ఒడిశాలోని కంధమాల్‌లో మనవాళ్ళ ఇళ్ళూ గుళ్ళూ కాలిపోతుంటే జనం పసిపిల్లల్ని ఎత్తుకుని అడవుల్లోకి పారిపోయారు. పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే క్రైస్తవురాలికి దైవదూషణ నేరం మోపి 2010లో ఉరిశిక్ష వేశారు. నిర్దోషి అని తేలేసరికి 2018 వచ్చింది. హింస అంటే ఇది. షాపులో బిల్లు కొట్టే పిల్ల ‘హ్యాపీ హాలిడేస్’ అన్నందుకు మనమూ అదే మాట వాడితే, వాళ్ళ నెత్తురుని పలచన చేసినట్టే.

అలాగని అక్కడ ఎవరికీ ఏ కష్టమూ రాలేదనను. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో ఒక ఫుట్‌బాల్ కోచ్ ఆట అయ్యాక మైదానంలో మోకరించి ప్రార్థించినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కొలరాడోలో కేకులు చేసే ఒకాయన కేసు విన్న ప్రభుత్వ కమిషన్, ఆయన విశ్వాసాన్ని చులకన చేసి మాట్లాడింది. నొప్పి నొప్పే. కానీ తర్వాత ఏమైందో కూడా చూడు. కేకులాయన 2018లో, కోచ్ 2022లో సుప్రీంకోర్టులో గెలిచారు. ఫిర్యాదు పెట్టుకోవడానికి కోర్టు ఉండి, ఆ కోర్టు మన మాట వినే దేశంలో ఉన్నవాడు దాన్ని అన్యాయం అనవచ్చు, వివక్ష అనవచ్చు. కంధమాల్ పేరు మాత్రం దానికి పెట్టకూడదు.

ఇక బడిలో ప్రార్థన. 1962లో అక్కడి సుప్రీంకోర్టు తీసేసింది పిల్లల ప్రార్థనని కాదు, సర్కారు ప్రార్థనని. న్యూయార్క్ రాష్ట్ర అధికారులు 22 మాటల ప్రార్థన ఒకటి తయారుచేసి బడులకు పంపారు. ప్రార్థన రాయడం సర్కారు పని కాదంది కోర్టు. నీ కూతురు షారోన్ పరీక్ష ముందు కళ్ళు మూసుకుని ప్రభువా అనుకుంటే ఈరోజుకీ ఆపేవాడు లేడు. గదిలోకెళ్ళి తలుపేసుకుని ప్రార్థించమన్న ప్రభువు బిడ్డలం. ఆ గదికి సర్కారు తాళంచెవి మనకెందుకు?

మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టమని ఆ దేశంలో అడిగిందెవరో తెలుసా? మన బాప్తిస్టులే. 1760ల చివర్లో, 1770ల్లో వర్జీనియాలో సర్కారు అనుమతి లేకుండా వాక్యం చెప్పారని బాప్తిస్టు ప్రసంగీకుల్ని జైల్లో వేశారు. ఆ తర్వాత కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్తిస్టులు, మా విశ్వాసం ప్రభుత్వం పెట్టే భిక్ష కాదని ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి మొర పెట్టుకున్నారు. ఆయన 1802 జనవరి 1న రాసిన జవాబులోదే ఆ గోడ మాట. మన ఒంగోలుకి సువార్త తెచ్చింది ఆ బాప్తిస్టుల వారసులే. ఆ గోడ దేవుణ్ణి బయటికి నెట్టడానికి కట్టారని మీ పాస్టరుగారు అంటే, సంఘ చరిత్ర ఒకసారి తిరగెయ్యమని నా మాటగా చెప్పు.

ఇంకొకటి మన ఊరి కథే. 1876–78 కరువులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సర్కారు డబ్బూ, ఆకలితో ఉన్న జనమూ, రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు కూడా. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్ళూ ఆపేశాడు. పనులు ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ లెక్క మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ‘ఆగండి’ అన్న నెలల గురించి ఎవరూ చెప్పరు. ఆ లెక్కకి విలువ తెచ్చింది ఆ నెలలే.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. కుర్రతనంలో నేనొక మిషన్ స్కూల్లో పనిచేశాను. విభూతి పెట్టుకొచ్చే కుర్రాడొకడు ప్రార్థనలో పెదవి కదిపేవాడు కాదు. ఒకరోజు బెత్తం చూపించాను. కదిపాడు. గెలిచాననుకున్నాను. ఏడేళ్ళ తర్వాత వేరే బడిలో, సరస్వతీ పూజనాడు హారతి కళ్ళకద్దుకోమని నలుగురిలో నన్ను నిలదీశారు. నా చెయ్యి లేవలేదు. ఆ క్షణంలో ఎదురుగా ఉన్న విగ్రహం కనబడలేదురా, ఆ కుర్రాడి పెదవులు కనబడ్డాయి.

1986లో మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డిగారు, సుప్రీంకోర్టులో ఇచ్చిన తీర్పు చదివి ఆ రాత్రి చాలాసేపు కూర్చుండిపోయాను. కేరళలో యెహోవా సాక్షుల పిల్లలు ముగ్గురు, జాతీయగీతం వస్తే లేచి మర్యాదగా నిలబడతారు గానీ పాడరు. బడి వాళ్ళని తీసేసింది. ఆయన తిరిగి చేర్చుకోమన్నారు. అందులో అమెరికా కోర్టు 1943 నాటి తీర్పునూ ప్రస్తావించారు. అదీ యెహోవా సాక్షుల పిల్లలదే, జెండా వందనం చెయ్యమన్న కేసు. అంతకు మూడేళ్ళ ముందు అదే కోర్టు వాళ్ళకి వ్యతిరేకంగా చెబితే, ఊళ్ళల్లో మూకలు వాళ్ళని తరిమి కొట్టాయి. అమెరికాలో క్రీస్తు పేరు పెట్టుకున్నవాళ్ళు నిజంగా దెబ్బలు తిన్న రోజులవి. కొట్టింది ఇరుగుపొరుగే.

ఇప్పుడు నీ హనుమంతుడి దగ్గరకొస్తాను. ఆ విగ్రహం అష్టలక్ష్మి గుడివాళ్ళ సొంత జాగాలో, భక్తుల డబ్బుతో లేచింది. 2024 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగితే కొందరు క్రైస్తవులు అక్కడికెళ్ళి నిరసన తెలిపారు. మన క్రిస్మస్ కూటం ముందు ఎవరైనా అలా నిలబడితే నువ్వేమంటావో నాకు తెలుసు. పది ఆజ్ఞల పటం సంగతి వేరు. మీ టెక్సాస్ 2025లో చేసిన చట్టం ప్రకారం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తుకి తగ్గకుండా ప్రతి సర్కారు బడి గదిలో ఉండాలి. గుడి గోడ గుడివాళ్ళది, బడి గోడ అందరిదీ. కోర్టుకెళ్ళిన తల్లిదండ్రుల్లో యూదులూ హిందువులే కాదు, క్రైస్తవులూ ఉన్నారు. అసలు ఆజ్ఞల్నే మన బాప్తిస్టులు ఒకలా లెక్కపెడితే గుంటూరు లూథరన్లు ఇంకోలా లెక్కపెడతారు. ఏ లెక్క సరైనదో టెక్సాస్ శాసనసభ తేలుస్తుందా?

ఇక్కడ ఒంగోలులో ఎక్కువమంది మతాన్ని సర్కారు గోడకెక్కిస్తామంటే మనం రాజ్యాంగం గుర్తుచేస్తాం. విమానం దిగగానే ఆ రాజ్యాంగ బుద్ధిని కస్టమ్స్ దగ్గర వదిలేస్తే ఎలా? అక్కడ నీ మతం పెద్దదే, నీ రంగు మాత్రం చిన్నదే. 2017లో కాన్సాస్‌లో మన తెలుగు ఇంజనీరును కాల్చినవాడు, ఇరాన్‌వాడనుకుని కాల్చాడు. ద్వేషానికి నీ నుదుటి మీద బాప్తిస్మం కనబడదు నాన్నా.

కోపమొచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకో. నా ఆరాధనని ఎవరైనా ఆపారా, లేక నా ఆరాధనకి వంతపాడటం మానేశారా? ఇదే పని ఇంకో మతంవాళ్ళు షారోన్ క్లాసులో చేస్తే నాకు సమ్మతమేనా? మొదటిదానికి ‘ఆపారు’ అని జవాబొస్తే కోర్టుకెళ్ళు, నీ వెనక నేనుంటాను.

ప్రతి బుధవారం కూటంలో ప్రార్థన చీటీలు నేనే రాస్తానని నీకు తెలుసు. ‘హింస పొందుతున్నవారి కొరకు’ అని ఒక చీటీ ఉంటుంది. పోయిన వారం అందులో కంధమాల్ విధవరాళ్ళ కోసం రాశాను. నువ్వు ఫోన్ పెట్టేశాక ఆ చీటీ ముందు పెట్టుకుని ఆలోచించాను. వాళ్ళ కింద నీ పేరు రాయమంటావా? నువ్వే చెప్పు, రాస్తాను.



ఇట్లు
మీ మామయ్య