కానరాని గుణమునకు వెల

కంటికి కానరాని గుణమునకు వెలకట్టి అమ్మవచ్చునా? అమెరికా, ఐరోపా దేశములలోని పెంపుడు పాముల వర్తకమున ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచున్నది.

అందు ప్రధానమైనది బాల్ పైథాన్ అను పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ. తెలుపు, పసుపు వన్నెలు గల దాని ఆల్బినో రూపమునకు సామాన్యరూపము కంటె వెల హెచ్చు. ఆ గుణము అంతర్గతము; తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు జన్యువులు కూడినప్పుడే వెలికి వచ్చును. ఒక్క జన్యువే గల పాము చూపునకు సామాన్యముగనే యుండును. అట్టి జంటకు పుట్టిన సామాన్యరూపపు పిల్లలలో సగటున మూడింట రెండు వంతులు ఆ జన్యువును మోయును. 1866లో మెండెల్ ప్రకటించిన సూత్రముల లెక్క ఇది. కనుకనే అట్టి పిల్లను "66 శాతము" అని చెప్పి అమ్ముదురు.

ఇచట ధర్మసూక్ష్మ మొకటి కలదు. ఏ పిల్లయందైనను జన్యువు ఉండును, లేదా ఉండదు. ఆ అంకె కొలుచునది మన అజ్ఞానమును. అజ్ఞానమును అజ్ఞానమని చెప్పి అమ్మినవాడు సత్యవాది. తల్లిదండ్రుల నెరుగకయే ఆ అంకె పలికినవాడు వంచకుడు. కొన్ని గుణములకు నేడు కుబుసముతో పరీక్ష కలదు. పరీక్ష లేనిచోట అమ్మువాని మాటయే సాక్ష్యము.

మరి కొనువాని ధర్మమేమి? ఆడపాము గ్రుడ్లు పెట్టు ఈడునకు వచ్చుటకు సుమారు 3 ఏండ్లు పట్టును. ఆశ విఫలమైనను ఆ జీవి 20 ఏండ్లకు మించి బ్రతుకగలదు. దాని ఆకలి తగ్గదు. ఏ గుణమూ లేదని తేలిననాడును దీనిని పోషింపగలనా అని తన్ను తాను ప్రశ్నించుకొని, ఔనన్నవాడే కొనవలెను.