కొండ కాపుదల – కూటి న్యాయము

అడవిని కాపాడుట ధర్మమా, పేదవాని కూడు నిలుపుట ధర్మమా యని కొందరు ప్రశ్నింతురు. ఈ రెండింటిని ఎదురెదురుగా నిలిపినచో రెండును చెడును. ఇందుకు హర్యానాలో శివాలిక్ కొండల పాదమున నున్న సుఖోమాజ్రి గ్రామమే దృష్టాంతము.

చండీగఢ్ నగరమున 1958లో నిర్మించిన సుఖ్నా సరస్సు కొలది సంవత్సరములకే పూడసాగెను. ఎగువ కొండలపై చెట్టును పచ్చికయు నశింపగా, వానలకు మన్ను కొట్టుకొనివచ్చి సరస్సున చేరెను. కొండపై మేపు మానుడని శాసించుట సులభము. మేకలే ఆధారమైన కుటుంబమునకు అది పస్తుండుమనుటయే యగును.

మృత్తికా సంరక్షణ శాస్త్రజ్ఞుడు పి. ఆర్. మిశ్రా ప్రోత్సాహమున 1976లో అచట మట్టికట్ట వేసి వాననీటిని నిలిపిరి. అయితే ఆ నీరు పొలము గలవానికే దక్కినచో, పొలము లేనివాడు కొండ నేల కాపాడవలెను? అందుచే భూమి యున్నను లేకున్నను ప్రతి కుటుంబమునకును నీటిలో సమానమైన వంతు నిర్ణయించిరి. భూమి లేనివాడు తన వంతు నమ్ముకొనవచ్చునని నాడు ఏర్పరచిరి. ప్రతిగా పశువులను కొండకు తోలకుండ అందరును కట్టుబడిరి. కంచె లేకయే కొండ పచ్చబడెను. త్రాళ్లకును కాగితమునకును పనికివచ్చు భాబర్ గడ్డి పెరిగెను. మేకలు తగ్గి, కొట్టమున మేపు గేదెలు హెచ్చెను. సరస్సున చేరు మన్నును తగ్గెను.

కాపుదల అందరి విధి యనువారు, దాని ఫలము అందరికిని అందుచున్నదా యని ముందు విచారింపవలెను. ఫలము కొందరిది, త్యాగము పేదలది యైనచోట ఏ కట్టుబాటును నిలువదు. మన చెరువులకును, మేతబీళ్లకును ఇదియే న్యాయము.