నాదఖండము - ఋణవిచారము

ఒకని సొత్తును మఱియొకడు వాని యనుమతి లేక గైకొనుట దొంగతనమని చిన్నబిడ్డలును ఎఱుగుదురు. కాని ఆ సొత్తు కంటికి కనబడునదియు చేతికి చిక్కునదియు గాక, గాలిలో పుట్టి గాలిలో లయించు ధ్వనియైనపుడు, అందును సెకండులో పదవవంతు మాత్రమే నిలుచు ధ్వనియైనపుడు, దానికి సొంతదారు డుండునా? ఉండినయెడల వానికి మనము చెల్లింపవలసిన దేమి? ఈ ప్రశ్న పండితుల వినోదమునకై కల్పింపబడినది కాదు. నేడు అనేక గృహములలో మన బిడ్డలు కంప్యూటరు నెదుట కూర్చుండి సంగీతము కూర్చుచున్నారు. వారు చేయు పనిలోనే యీ ప్రశ్న యిమిడియున్నది. కావున దీనిని కొంత నిదానముగా విచారింప దలచితిమి.

ముందుగా ఆ పని యెట్టిదో చెప్పుదుము. తాళము తప్పక మరల మరల తిరుగునట్లు కత్తిరించిన ధ్వనిముద్రణపు తునుకను లూపు అందురు. దానిని సాఫ్టువేరున కప్పగించినచో, అది ధ్వనితరంగమును పరీక్షించి, నాదము హఠాత్తుగా పైకెగయు చోటులను, అనగా వాద్యముపై దెబ్బ పడిన చోటులను గుర్తించి, అచ్చటచ్చట గీతలు గీయును. ఎంత మెల్లని దెబ్బను లెక్కలోనికి తీసికొనవలెనో పనివాడు నిర్ణయించును. గీత తప్పుచోట పడెనేని చేతితో జరుపును. ఇట్లు కోయబడిన ముక్కలు కీబోర్డుపై నొక్కొక్క మెట్టునకు ఒక్కొక్కటిగా చేరును. హార్మోనియము మెట్లను నొక్కినట్లు వానిని నొక్కి, మొదటి దెబ్బను చివరకును చివరిదానిని మొదటికిని మార్చి, సరిక్రొత్త నడకను వాయింపవచ్చును. ముక్కల నడుమ ఎడము తగ్గించినచో వేగము హెచ్చును, పెంచినచో తగ్గును. శ్రుతి మాత్రము మారదు. స్వీడను దేశపు ప్రొపెల్లర్‌హెడ్ సంస్థ 1994లో వెలువరించిన రీసైకిల్ అను సాఫ్టువేరు ఈ విద్యను సులభతరము చేసెను. అంతకు పూర్వము ఎస్.పి. 1200, ఎం.పి.సి. 60 మొదలగు యంత్రములపై ఇదే పనిని చెవితోను చేతితోను ఓపికగా చేసెడివారు.

ఈ విద్యలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన తునుక యొక్క చరిత్రను వినుడు. 1969లో ది విన్‌స్టన్స్ అను అమెరికా వాద్యబృందము ఒక రికార్డును వెలువరించెను. దాని ముఖపార్శ్వమున నున్న 'కలర్ హిమ్ ఫాదర్' అను పాట జనాదరణ పొందెను. వెనుక పార్శ్వమున 'ఆమెన్, బ్రదర్' అను వాద్యగీతమును చేర్చిరి. అందు నడుమ తక్కిన వాద్యములన్నియు నిలిచిపోగా, గ్రెగరీ కోల్‌మన్ అను వాద్యకాడు సుమారు 7 సెకండ్ల సేపు డ్రమ్ములను ఒంటరిగా వాయించెను. అవి నాలుగే యావర్తములు. మొదటి రెండింటను పాటలోని పూర్వపు నడకనే సాగించెను. మూడవదానిలో ఒక దెబ్బను కొంచెము ఆలస్యము చేసెను. నాలుగవదానిలో మొదటి దెబ్బ పడవలసిన చోట మౌనము వహించి, పిమ్మట నెవ్వరును ఎదురుచూడని చోట తాళపుచిప్పను మ్రోగించెను.

1986లో ఈ గీతము డిస్కు జాకీల కొఱకు కూర్చిన యొక సంపుటమున చేరెను. తరువాత అమెరికాలోని హిప్‌హాప్ కర్తలును, 1990 దాటిన తొలియేండ్లలో ఇంగ్లండున జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అను సంగీతశాఖలను పెంచిన యువకులును ఆ 7 సెకండ్లను కోసి, వేగము పెంచి, తలక్రిందులు చేసి, వేలకొలది పాటలలో వాడుకొనిరి. కోల్‌మన్‌కు దానివలన రాయల్టీ యేమియు దక్కలేదు. అతడు 2006లో నిలువ నీడలేని దరిద్రుడై మరణించెనని బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చెప్పియున్నాడు. 2015లో సంగీతప్రియులు చందాలు వేసికొని స్పెన్సర్‌కు సుమారు 24,000 పౌండ్లు సమర్పించిరి. అప్పటికి కోల్‌మన్ గతించి తొమ్మిదేండ్లు.

ఇందు తప్పేమి యని యడుగువారు గలరు. వారి వాదమును త్రోసివేయుట న్యాయము కాదు. సంగీతము పరస్పరము పుచ్చుకొనుట వలననే పెరిగినదని వారందురు. రాగమునకు సొంతదారుడు లేడు, తాళమునకును లేడు. ఒక్క డ్రమ్ము దెబ్బకు మాత్రము ఎట్లుండును? మఱియు కోసినవాడు ఊరక కూర్చుండలేదు. ముక్కలను పేర్చుటలో వాని బుద్ధియు శ్రమయు గలవు. అన్నిటికంటె బలమైన వాద మింకొకటి గలదు: ఈ విద్యను మొదట చేపట్టినవారిలో పలువురు వాద్యకాండ్రను కూలికి పిలువజాలని పేద యువకులు. పాత రికార్డే వారికి వాద్యబృందమైనది. కఠినమైన నిషేధము విధించినచో ఈ కళ ధనవంతుల సొమ్మగును గాని, చచ్చిన వాద్యకాడు లేచి రాడు.

న్యాయస్థానము లీ చిక్కును తమకు తోచిన కొలబద్దలతో కొలువజూచినవి. 1991లో న్యూయార్కున నొక న్యాయాధిపతి, దొంగిలరాదను బైబిలు ఆజ్ఞతో తన తీర్పును ప్రారంభించెను. 2005లో వేఱొక అమెరికా న్యాయస్థానము, రెండు సెకండ్ల గిటారు ధ్వనికైనను లైసెన్సు కావలెననెను. 2016లో మఱియొకటి, సెకండులో పావువంతైనను లేని బాకాధ్వని అత్యల్పమగుటచే దోషము లేదనెను. 2019లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము, ముక్క ఎంత చిన్నదైనను రికార్డు నిర్మాత యనుమతి కావలెననియు, చెవి గుర్తింపలేనంతగా మార్చినచో అక్కఱలేదనియు చెప్పెను. ఒకరు నిడివిని కొలిచిరి, మఱియొకరు పోలికను చూచిరి. ఈ వ్యాజ్యములలో ముఖ్యముగా వాదులాడినవారు పాటల హక్కుదారులును, రికార్డుల హక్కుదారులును. దెబ్బ కొట్టిన చేతి సంగతి వెనుకబడిపోయెను. జేమ్స్ బ్రౌన్ 1970లో వెలువరించిన 'ఫంకీ డ్రమ్మర్' అను పాటలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన నడకయు ఇట్లే లోకమంతట వ్యాపించెను. పాటకర్తగా స్టబుల్‌ఫీల్డ్ పేరు లేకపోవుటచే రాయల్టీయు లేదు. అతడు 2017లో మరణించెను.

మా యభిప్రాయమున, ధర్మము అడుగవలసిన ప్రశ్న ముక్క యెంత నిడివిది యని కాదు. దానినే యేల కోరితివి యని. డ్రమ్ము దెబ్బలకు లోకమున కఱవు లేదు. యంత్రము తనంత తాను వేయి దెబ్బలను పుట్టింపగలదు. వానినన్నిటిని విడిచి, 1969 నాటి యా దెబ్బనే వెదకి తెచ్చుకొన్నవాడు, అందు మఱియెచ్చటను దొరకని దేదో కలదని తానే యొప్పుకొన్నాడు. ఆ యేదో యన్నది కోల్‌మన్ చేయి. తాళము అందఱిది కావచ్చును. ఆ చేయి యందఱిది కాదు. ముక్క చిన్నదగుకొలదిని ఈ ఋణము తగ్గునని మేము తలపము. బియ్యపుగింజ చిన్నదైనంత మాత్రమున పండించినవాడు లేకపోడు.

పని ముక్కలైనపుడు పనివాని పేరు మఱుగుపడుట సంగీతశాలలకే పరిమితమైన యన్యాయము కాదు. మన గృహములనే చూడుడు. ఇల్లు దస్తావేజులో పేరున్నవానిది. దానిని ఇల్లుగా నిలిపిన గృహిణి పని యే లెక్కలోను కనబడదు. ఏలయనగా అది ఒక పూట వంటగా, ఒక రాత్రి జాగరణముగా, ఒక జ్వరపుబిడ్డ పరిచర్యగా తునుకతునుకలై యున్నది. ఏ తునుకయు ప్రత్యేకముగా పేరు పెట్టదగినంత పెద్దది కాదని మన మనుకొందుము. అన్ని తునుకలను చేర్చినచో ఒక జీవిత మగునని మరచిపోవుదుము. కంప్యూటరులోను అంతియే. లూపునకు ఒక సంఖ్య, ముక్కకు ఇంకొక సంఖ్య. కొట్టినవాని పేరు కోతలోనే రాలిపోవును.

అట్లైనచో ఈ విద్యను మానవలెనా? వలదు. దొంగతనమునకును ఋణమునకును భేదము గలదు. దొంగతనమును మానవలెను, ఋణమును తీర్చవలెను. ఒకని నాదముతో క్రొత్త నాదమును కట్టుట పాపమని మేము చెప్పము. కాని పుచ్చుకొన్నవాడు మొదట తాను పుచ్చుకొన్నది ఎవరిదో తెలిసికొనవలెను. తెలిసిన పేరును తన పాటతో పాటు వ్రాయవలెను. పేదవాడైనను ఇది చేయగలడు, దీనికి కాసు ఖర్చు లేదు. పాటవలన ధనము వచ్చుకాలమున, చట్టప్రకారము హక్కుదారుల యనుమతి పొందుటయే గాక, వాయించినవానికో వాని కుటుంబమునకో భాగము పంచవలెను. మన మృదంగ, ఘట ధ్వనులును ముక్కలుగా ముద్రింపబడి అమ్ముడగుచున్న యీ దినములలో, వాద్యకాండ్రకు ప్రతిఫలమిచ్చి వారి పేర్లు ప్రకటించు సంపుటములనే కొనుట మేలు. మన దేశపు కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రదర్శకులకు హక్కును కల్పించెను. 2012 నాటి సవరణ వాణిజ్యోపయోగమున రాయల్టీని కల్పించెను. మంచిదే. కాని పేరే తెలియనివానికి రాయల్టీని ఏ చిరునామాకు పంపుదురు? కావున పేరు నిలుపుటయే మొదటి ధర్మము.

ఈ ధర్మమును నేర్పవలసిన చోటు న్యాయస్థానము కాదు, గృహము. బిడ్డ కూర్చిన పాటను విన్నపుడు బాగున్నదని మెచ్చుకొనుడు. పిమ్మట, "ఈ దెబ్బ కొట్టినవారెవరు నాయనా?" అని యొక్కమాట యడుగుడు. బదులు చెప్పలేని బిడ్డను కోపింపవలదు. తెలిసికొని రమ్మని పంపుడు. ఆ పేరు వెదకుటకు పట్టు కాలము, ఆ ముక్కను కోయుటకు పట్టు కాలముకంటె ఎక్కువ కావచ్చును. అయినను ఆ శ్రమ పడిన బిడ్డ రేపు తన యింటిలో వంట చేసినవారి పేరును, వీధి నూడ్చినవారి పేరును అడిగి తెలిసికొనగలడని మా విశ్వాసము.