దోషి లేని విచ్ఛేదము

కాపురము చెడినదని వినగానే "తప్పెవురిది?" యని యడుగుట మా కడప జిల్లాలో పంచాయితీకి కూర్చుండు పెద్దలకు పరిపాటి. దోషి దొరకినగాని దుఃఖమునకు ఆకృతి యేర్పడదని వారి నమ్మకము కాబోలు. అట్లు పంచాయితీకి వచ్చిన యొక జంటలో భర్తది పులివెందుల దరి చీనీతోట, భార్య పుట్టినిల్లు ప్రొద్దుటూరు. ఉభయులకును మధ్యస్థమని జమ్మలమడుగులో ఒక బంధువు నింట కుదిర్చిన పంచాయితీలో నేనును కూర్చుంటిని.

"కొడ్తాడామ్మా?"

"లేదు మామా."

"తాగుతాడా?"

"ఆ అలవాటే లేదు."

"ఏమబ్బీ, ఆ యమ్మి ఏమన్నా మాట పడనీదా?"

"అట్లాంటిదేం ల్యా పెద్దనాయనా. మంచిదే."

పెద్దలకు ప్రశ్నలు కరవైనవి. "ఇద్దురూ మంచోళ్లే గదా, సర్దుకొని పోండి" అని తీర్పు చెప్పి భోజనములకు లేచిరి.

నేను మాత్రము ఆ మంచితనమును గూర్చియే చాలకాలము తలపోసితిని. రాత్రివిడత కరెంటు కొఱకు మోటారు కడ కాచుకొని, తెల్లవారుజామున నిల్లు చేరు నాతడు, ఆమెకు నిద్రాభంగమగునని చెప్పులు వాకిటనే విడిచి, పళ్లెము మూసియుంచిన అన్నమును చప్పుడు గాకుండ తినెడివాడు. పాఠశాలలో నుపాధ్యాయినిగా నున్న ఆమెయు, అలసి పరుండిన వానిని లేపనొల్లక, తలుపు మెల్లగా చేరవేసి బస్సుకు పోయెడిది. బోరు ఎండి అప్పు పెరిగిన సంగతి చెప్పిన ఆమె కుమిలిపోవునని ఆతడును, ఒంటరితనమును చెప్పిన ఆతనికి భారమగునని ఆమెయు దాచుకొనిరి. పరస్పర దాక్షిణ్యమే మౌనమై, మౌనమే అభ్యాసమై, కొన్నేండ్లకు వారి నడుమ "బియ్యమైనాయి", "మోటారు కాలింది" అను మాటలు తప్ప వేఱు మాటలు మిగులలేదు. చీనీచెట్టు వేరున నెండుట మొదలైనను ఆకు చాలకాలము పచ్చగానే యుండును గదా! చూచువారికి అంతా బాగుగనే తోచినది.

శాసనమునకును ఈ సూక్ష్మము ఆలస్యముగానే తట్టినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము విడాకులకు వ్యభిచారము, మతాంతరము, ఉన్మాదము, కుష్ఠు ఇత్యాది కారణములలో నొకదానిని చూపుమనెను. సన్న్యాసమునకు సైత మందు చోటు గలదు, ఊరక వాడిపోయిన దాంపత్యమునకు మాత్రము లేకపోయెను. ఒండొరులపై నిందమోపనక్కరలేక, ఏడాది వేఱుగా నున్న దంపతులు కలిసి అర్జీ పెట్టుకొను వీలు 1976 సవరణతో గాని రాలేదు. ఇక కోలుకొనరానంతగా చెడిన వివాహమును, ఉభయ సమ్మతి లేకున్నను, తన విశేషాధికారముచే రద్దు చేయవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము 2023లో తేల్చినది. శాసనము ఇంత దూరము నడిచినను మన అరుగులు కదలలేదు.

ఆ దంపతులు తుదకు కలిసియే సంతకములు చేసిరి. పంచాయితీ పెద్దలారా, ఈసారి ఎవరైన మీ యెదుట కూర్చున్నప్పుడు, తప్పెవరిదని యడుగుటకు ముందు, మీ రిరువురును తీరికగా మాటాడుకొని యెన్నాళ్లయినదని యడుగుడు; వారు విడిపోవుటకే నిశ్చయించుకొన్నచో నేరమంటగట్టక పంపుడు.